క్వారీ గోడ కూలేముందే చెబుతుంది

బెంచీలు, నీటి మళ్లింపు, పగుళ్ల పరిశీలనే కార్మికులకు ప్రాణరక్ష

ఆదోని, ఎమ్మిగనూరు: ఆదోనికి దక్షిణాన ఉన్న ఆలూరు మండలం హత్తిబెళగల్‌ వద్ద రాళ్ల క్వారీలో 2018 ఆగస్టు 3 రాత్రి భారీ పేలుడు సంభవించింది. పది మందికి పైగా కార్మికులు దుర్మరణం పాలయ్యారు. మృతుల్లో అత్యధికులు ఒడిశా తదితర రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. సరిగ్గా ఏడేళ్ల తర్వాత, 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ సమీపంలోని గ్రానైట్‌ క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు మరణించారు. వారూ ఒడిశా కార్మికులే.

తేదీ ఒక్కటే అయినా ఈ రెండు ప్రమాదాల స్వభావం వేరు. హత్తిబెళగల్‌లో ప్రాణాలు తీసింది పేలుడు పదార్థం. బల్లికురవలో ప్రాణాలు తీసింది క్వారీ గోడ. రాళ్ల మధ్యకు చేరిన ఊటనీరు ఇందుకు కారణమై ఉండవచ్చని ప్రాథమికంగా వార్తలు వెలువడ్డాయి. పేలుడు క్షణంలో జరిగిపోతుంది. గోడ మాత్రం చాలా సందర్భాల్లో కూలేముందు సూచనలు ఇస్తుంది. పై అంచున పగులు పడుతుంది. కొత్త చోట నీరు ఊరుతుంది. చిన్న రాళ్లు రాలుతాయి. ఆ సూచనలను గుర్తించే మనిషి, గుర్తించగానే పని ఆపించే అధికారం క్వారీలో ఉన్నాయా లేదా అన్నదే కార్మికుల ప్రాణాలను నిర్ణయిస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో క్వారీ యజమానులు, మేస్త్రీలు, కార్మికులు, పరిసర గ్రామాల ప్రజలు తెలుసుకోదగిన అంశాలివి.

గుండు నిలిచింది.. గోడ ఎందుకు కూలుతుంది?

ఆదోని కోట నిలిచిన కొండలు, కోసిగి వద్ద అక్కాచెల్లెళ్లుగా పిలిచే జంట గుండ్లు ఈ ప్రాంతవాసులకు సుపరిచితం. ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న ఆ గుండ్లు తరతరాలుగా కదలకుండా ఉన్నాయి. అలాంటి రాతినే తొలిచిన క్వారీలో గోడ కొద్ది నెలలకే ఎందుకు విరిగిపడుతుందన్న సందేహం సహజం.

ఈ ప్రాంతపు గ్రానైట్‌ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. పైకి ఏకశిలగా కనిపించినా లోపల అనేక నెర్రెలు ఉంటాయి. సాధారణంగా రెండు వరుసల నెర్రెలు దాదాపు నిలువుగా, ఒకదానికొకటి అడ్డంగా సాగుతాయి. మూడో వరుస కొండ ఉపరితలానికి సమాంతరంగా, ఉల్లిపొరల మాదిరిగా ఉంటుంది. కొండ ఎటు వాలితే ఆ పొరలూ అటే వాలుతాయి. వీటికి తోడు గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన నల్లరాతి పట్టీలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ పట్టీకి, గ్రానైట్‌కు మధ్యనున్న హద్దులో రాయి తరచూ నలిగి, బలహీనంగా ఉంటుంది.

ప్రకృతిలో ఏర్పడిన వాలులో నిలవలేని రాళ్లు ఎప్పుడో జారిపోయాయి. నిలవగలిగినవే నేడు మనకు కనిపిస్తున్నాయి. క్వారీ గోడ అలా కాదు. అది మనిషి హఠాత్తుగా కోసినది. అప్పటివరకు కింద ఆధారంగా ఉన్న రాయిని తీసేయడంతో పైనున్న పొరలకు ఆసరా పోతుంది. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తున్న గ్రానైట్‌ దిమ్మె బరువు రెండున్నర టన్నులకు పైమాటే. అంతటి బరువును నెర్రెల మధ్య రాపిడి మాత్రమే పట్టి ఉంచుతుంది.

జారే తీరు నాలుగు రకాలు

రాతి గోడలు విరిగిపడే తీరును నిపుణులు ప్రధానంగా నాలుగు రకాలుగా విభజించారు.

* పలక జారుడు: నెర్రె క్వారీ వైపు వాలి, దాని కింది కొస గోడ ముఖంలో బయటపడినప్పుడు పైనున్న బండ మొత్తం పలకలా జారిపోతుంది. ఏటవాలు చెక్కపై పెట్టిన పుస్తకం జారినట్లే ఇది కూడా. కొండ పాదంలో ఉల్లిపొర నెర్రెలను కోసిన చోట్ల ఈ ముప్పు అధికం.

* చీలిక జారుడు: రెండు వేర్వేరు నెర్రెలు లోపల కలిసి, ఆ కలయిక గీత క్వారీ వైపు వాలినప్పుడు వాటి మధ్యనున్న రాయి పుచ్చకాయ ముక్కలా ఊడివస్తుంది.

* బోర్లాపడటం: నిలువు నెర్రెలు దగ్గర దగ్గరగా ఉంటే వాటి మధ్య రాయి స్తంభాల్లా మారుతుంది. అరలో ఆసరా లేకుండా నిలబెట్టిన పుస్తకాల మాదిరిగా అవి ముందుకు ఒరిగిపోతాయి.

* మట్టి జారుడు: రాతిపైనున్న మట్టి, మొరం, శిథిలమైన గరుసు వంపు తిరిగి గిన్నె ఆకారంలో కిందికి దిగుతాయి. వర్షాకాలంలో ఇవి ఎక్కువ.

పొడిగా, గరుకుగా ఉన్న గ్రానైట్‌ నెర్రె సుమారు 30 నుంచి 35 డిగ్రీల వాలు వరకు రాపిడితోనే బండను ఆపగలదు. వాలు అంతకు మించితే రాపిడి ఒక్కటే చాలదు. నెర్రెలో బంకమట్టి చేరితే ఈ పట్టు సగానికీ పడిపోవచ్చు. అందువల్ల 'పక్క క్వారీలో గోడ నిలువుగానే ఉంది, ఏమీ కాలేదు' అన్న పోలిక పనికిరాదు. ఒకే క్వారీలో తూర్పు గోడ భద్రంగా ఉండి, పడమటి గోడ ప్రమాదకరంగా ఉండవచ్చు. నెర్రెల వాలు ఎటు ఉందన్నదే ముఖ్యం.

గోడను పట్టి ఉంచే బలాన్ని, దానిని జార్చే బలంతో భాగిస్తే వచ్చే అంకెను భద్రతా గుణకం అంటారు. అది 1 అయితే గోడ నిలవడానికి, జారడానికి సరిహద్దులో ఉన్నట్లు లెక్క. మనుషులు పనిచేసే చోట 1.3 నుంచి 1.5 వరకు ఉండేలా వాలును రూపొందించడం ఇంజినీర్ల ఆనవాయితీ.

కరవు సీమలోనూ నీరే శత్రువు

కర్నూలు పశ్చిమ ప్రాంతం వర్షాభావానికి పెట్టింది పేరు. దీంతో క్వారీలో నీటి సమస్య గురించి పట్టించుకునేవారు తక్కువ. అయితే ఇక్కడ వాన తక్కువ రోజుల్లోనే కురిసినా, కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు తొలి రోజుల్లో వచ్చిన వర్షాలు, వరదలకు తుంగభద్ర పొంగి మంత్రాలయం నీట మునిగిన సంగతి తెలిసిందే. ఏడాదిలో పదినెలలు పొడిగా ఉన్న నెర్రె ఒక్క రాత్రిలో నీటితో నిండవచ్చు.

నిండిన నెర్రెలో నీరు బండను రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. మొదటిది, వెనుక నుంచి ముందుకు నెడుతుంది. 10 మీటర్ల లోతున్న నెర్రె నిండితే దాని అడుగున చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల ఒత్తిడి పడుతుంది. గోడ పొడవునా ప్రతి మీటరుకు నెర్రెలోని నీరు నెట్టే మొత్తం బలం దాదాపు 50 టన్నులు. ఇరవై మీటర్ల పొడవున్న గోడకు ఆ బలం వెయ్యి టన్నులవుతుంది. రెండోది, బండ కిందికి చేరిన నీరు దాన్ని కొద్దిగా పైకి లేపి రాపిడిని తగ్గిస్తుంది. అందుకే వాన కురుస్తున్నప్పుడే కాకుండా, ఆగిన తర్వాత కొన్ని రోజుల వరకు కూడా గోడలు కూలుతుంటాయి.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. క్వారీ పై అంచుకు కొంత వెనుకగా చుట్టూ కాలువ తీసి వాననీటిని పక్కకు మళ్లించాలి. పై అంచున పడిన పగుళ్లను బంకమట్టితో పూడ్చి నీరు దిగకుండా చూడాలి. గోడ నుంచి నీరు కారుతున్న చోట ఆ దారిని మూయకూడదు. అవసరమైతే గోడలోకి, కొద్దిగా బయటికి వాలేలా రంధ్రాలు తొలిచి నీటిని బయటికి రప్పించాలి. బెంచీలపై గుంతలు లేకుండా చూసుకోవాలి. క్వారీ అడుగున నిలిచిన నీటిని మోటార్లతో తోడుతున్నప్పుడు గోడలను ప్రత్యేకంగా గమనించాలి. గుంతలో మట్టం వేగంగా పడిపోతే, నెర్రెల్లో మిగిలిన నీటికి ఎదురు ఒత్తిడి ఉండదు.

ఎండ కూడా తన వంతు పని చేస్తుంది. వేసవిలో పగలు కాగిన బండ రాత్రికి చల్లబడుతుంది. ఈ వ్యాకోచ, సంకోచాలతో ఉల్లిపొర నెర్రెలు క్రమంగా విచ్చుకుంటాయి. వేసవిలో విచ్చుకున్న నెర్రెలోకే తొలకరి నీరు దిగుతుంది.

పైనుంచి కిందికి.. మెట్టు మెట్టుగా

క్వారీ తవ్వకంలో ప్రధాన సూత్రం పైనుంచి కిందికి మెట్లుగా రావడం. ఈ మెట్లనే బెంచీలు అంటారు. ముందుగా పైమట్టిని, వదులు రాళ్లను అంచు నుంచి వెనక్కి తొలగించాలి. తర్వాత మొదటి బెంచీని పూర్తిగా తీసి, దాని కింద రెండో బెంచీకి వెళ్లాలి. బెంచీ రెండు పనులు చేస్తుంది. గోడ మొత్తం ఎత్తును చిన్న ముక్కలుగా విడగొడుతుంది. పైనుంచి రాలిన రాయి అడుగున ఉన్న కార్మికుడి వరకు రాకుండా మధ్యలోనే ఆపుతుంది. బెంచీ మీద రాళ్లు పేరుకుపోతే ఆ రెండో ప్రయోజనం పోతుంది. ఎప్పటికప్పుడు శుభ్రం చేయడం తప్పనిసరి.

ఆచరణలో జరిగేది తరచూ ఇందుకు విరుద్ధం. కొండపైకి దారి వేయడం ఖర్చుతో కూడిన పని. దీంతో కొండ పాదం వద్దే తవ్వకం మొదలుపెట్టి లోపలికి చొచ్చుకుపోతారు. అడుగు భాగం తొలిచేకొద్దీ పైభాగం ముందుకు వేలాడుతుంది. 'కింద తీస్తే పైది దానంతట అదే దిగుతుంది' అన్న ధోరణి ప్రమాదకరం. పైది ఎప్పుడు దిగాలన్నది మేస్త్రీ చేతిలో ఉండదు.

ప్రొక్లెయిన్‌ వాడే చోట బెంచీ ఎత్తు ఆ యంత్రపు చేతికి అందేలా ఉండాలి. అంతకు మించిన గోడపై వదులు రాయి కనిపించినా దాన్ని దింపే మార్గం ఉండదు. యంత్రాన్ని గోడకు ఎదురుగా, వెంటనే వెనక్కి వచ్చే వీలుండేలా నిలపాలి. డ్రైవరు కూర్చునే వైపు గోడకు దూరంగా ఉండాలి. గోడ పాదం వెంట మట్టికట్ట వేసి, దాని లోపలికి ఎవరూ వెళ్లకుండా చూడాలి. భోజనాలు, విశ్రాంతి, కార్మికుల షెడ్లు, టిప్పర్ల నిలుపుదల గోడ నీడన ఉండరాదు. వేసవిలో ఆ నీడే కార్మికులను ఆకర్షిస్తుంది కాబట్టి వేరే చోట పందిరి వేయించడం యజమాని బాధ్యత.

బెంచీ ఖరీదు ఎంత?

బెంచీల సూత్రం తెలియని క్వారీ యజమాని ఉండరు. అయినా చాలాచోట్ల అవి ఎందుకు కనిపించవన్న ప్రశ్నకు సమాధానం లెక్కల్లో ఉంది.

ఉదాహరణకు 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున్న హెక్టారు లీజును తీసుకుందాం. హద్దు వెంట నాలుగు వైపులా 7.5 మీటర్ల చొప్పున రక్షణ పట్టీ వదిలితే తవ్వకానికి 85 మీటర్ల చదరం మిగులుతుంది. 24 మీటర్ల లోతుకు, 6 మీటర్ల ఎత్తు, 6 మీటర్ల వెడల్పు గల బెంచీలతో వెళితే ఒక్కో వైపు గోడ 18 మీటర్లు వెనక్కి జరుగుతుంది. మొత్తం గోడ వాలు సుమారు 53 డిగ్రీలు ఉంటుంది. అడుగుకు చేరేసరికి మిగిలేది 49 మీటర్ల చదరమే. అది మొత్తం లీజు విస్తీర్ణంలో పావు వంతు కన్నా తక్కువ.

తీయగల రాయి విషయానికొస్తే, గోడలను నిలువుగా కోస్తే 1.73 లక్షల క్యూబిక్‌ మీటర్లు వస్తుంది. బెంచీలు పెడితే 1.12 లక్షల క్యూబిక్‌ మీటర్లే వస్తుంది. అంటే సుమారు 61 వేల క్యూబిక్‌ మీటర్లు, మూడో వంతుకు పైగా రాయి గోడల్లోనే మిగిలిపోతుంది. టిప్పర్ల దారికి వదిలే రాయి దీనికి అదనం. లీజు ఎంత చిన్నదైతే ఈ నష్టం నిష్పత్తి అంత పెరుగుతుంది. చిన్న లీజుల్లో గోడలు నిలువుగా లేవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ నష్టాన్ని తగ్గించే మార్గాలు లేకపోలేదు. పక్కపక్కనే ఉన్న లీజులకు ఉమ్మడి ప్రణాళిక రూపొందించి, అనుమతులతో మధ్య హద్దును కలిపి తవ్వితే ఆ వైపు బెంచీల అవసరమే ఉండదు. రాతికి అనువైన చోట నిపుణుడు నెర్రెలను కొలిచి చూపితే కొన్ని గోడలకు నిటారు వాలును, మరికొన్నింటికి తక్కువ వాలును శాస్త్రీయంగా నిర్ణయించవచ్చు. రాయి ధర కట్టేటప్పుడే బెంచీలో మిగిలే రాయిని నష్టంగా కాక, పని ఖర్చులో భాగంగా లెక్కించడం అన్నింటికన్నా ముఖ్యం.

పేలుడు దెబ్బ వెనుక గోడకూ తగులుతుంది

మందు పేలినప్పుడు ముందున్న రాయి మాత్రమే పగలదు. వెనుక నిలవాల్సిన గోడలోనూ పగుళ్లు పాకుతాయి. మోతాదుకు మించి మందు కూరడం, అన్ని రంధ్రాలనూ ఒకేసారి పేల్చడం వల్ల ఈ నష్టం పెరుగుతుంది. రంధ్రాల మధ్య మిల్లీసెకన్ల తేడా ఉండేలా డిలే డిటోనేటర్లు వాడితే అదుర్లు తగ్గుతాయి. తుది గోడకు దగ్గరగా వచ్చినప్పుడు దగ్గర దగ్గరగా రంధ్రాలు వేసి, తక్కువ మందుతో పేల్చి గోడను నునుపుగా కోసే పద్ధతి ఉంది.

పేల్చిన వెంటనే కార్మికులను కిందికి దించరాదు. పొగ, దుమ్ము తగ్గాక అనుభవజ్ఞుడైన బ్లాస్టర్‌ వెళ్లి పేలని తూటాలు ఉన్నాయేమో పరిశీలించాలి. తర్వాత పై అంచు నుంచి మొదలుపెట్టి వదులు రాళ్లను దింపాలి. గునపంతో తట్టినప్పుడు గట్టి బండ గణగణమంటుంది. ఊడే బండ డొల్లగా పలుకుతుంది. రాళ్లు దింపే వ్యక్తి నడుముకు తాడు కట్టుకుని, పైనుంచి కిందికి, పక్కగా నిలబడి పనిచేయాలి. పాత రంధ్రం మిగిలిన చోట మళ్లీ డ్రిల్లింగ్‌ చేయకూడదు. అందులో పేలని మందు ఉండే ప్రమాదం ఉంది.

పేలుడు పదార్థాల నిల్వ, రవాణా 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం లైసెన్సుతోనే జరగాలి. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గని వద్ద జిలెటిన్‌ స్టిక్స్‌ దించుతుండగా పేలి పది మంది మరణించారు. హత్తిబెళగల్‌ విషాదానికి మూడేళ్లు నిండకముందే ఇది జరగడం గమనార్హం.

చట్టం ఏం చెబుతోంది?

లీజు మంజూరైతే సరిపోతుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. లీజును రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ 1966 నాటి చిన్నతరహా ఖనిజాల నిబంధనల కింద ఇస్తుంది. గనిలో మనుషుల భద్రత మాత్రం కేంద్ర పరిధిలోని గనుల భద్రతా డైరెక్టరేట్‌ జనరల్‌ చూస్తుంది. దీని ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. పర్యావరణ అనుమతి వీటికి వేరు. 5 హెక్టార్లలోపు చిన్న ఖనిజ లీజులకు కూడా ఆ అనుమతి అవసరమని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది.

కంకర, మొరం, కట్టడపు రాయి తీసే చిన్న గుంతలకు 1952 గనుల చట్టం మూడో సెక్షన్‌ చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. అందుకు బహిరంగ తవ్వకాల విషయంలో మూడు షరతులున్నాయి. లోతు ఎక్కడా 6 మీటర్లు దాటకూడదు. ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు. పేలుడు పదార్థాలు వాడకూడదు. ఏ ఒక్క షరతు తప్పినా అది చట్టం దృష్టిలో పూర్తిస్థాయి గనే. ఒక్క తూటా పేల్చినా మినహాయింపు వర్తించదన్నమాట.

1961 మెటాలిఫెరస్‌ గనుల నిబంధనల్లోని 106వ నిబంధన గోడల గురించి చెబుతుంది. దాని ముఖ్యాంశాలు ఇవి.

* మట్టి, మొరం, గులక వంటి వదులు నేలలో వాలు 45 డిగ్రీలు మించకూడదు. లేదా 1.5 మీటర్లకు మించని ఎత్తుతో, ఎత్తుకు తగ్గని వెడల్పుతో మెట్లు ఉండాలి.

* విడి రాళ్ల నిక్షేపాలను వాలుపై చేతిపనితో తవ్వేటప్పుడు వాలు 60 డిగ్రీలు, మెట్టు ఎత్తు 6 మీటర్లు దాటకూడదు. మెట్టు వెడల్పు ఎత్తుకు తగ్గరాదు.

* గట్టి రాతిలో గోడ కూలే ప్రమాదం లేకుండా తగినన్ని మెట్లు, వాలు లేదా ఇతర రక్షణ ఉండాలి.

* తవ్వకం అంచు నుంచి 3 మీటర్ల లోపు చెట్టు, వదులు రాయి, మట్టికుప్ప ఉండకూడదు.

* గోడను అడుగున తొలిచి, పైభాగం వేలాడేలా చేయకూడదు.

గట్టి రాతికి చట్టం నిర్దిష్టమైన అంకె చెప్పకపోవడాన్ని కొందరు వెసులుబాటుగా భావిస్తారు. నిజానికి అది బాధ్యత. ఆ గోడ ఎందుకు నిలుస్తుందో చూపాల్సింది గని యాజమాన్యమే. క్వారీ ప్రణాళికల్లో సాధారణంగా 6 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు లెక్కనే పాటిస్తున్నారు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలో 1952 గనుల చట్టం, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం విలీనమయ్యాయి. పని స్థలంలో ప్రాణాపాయం ఉందని సహేతుకంగా భావించిన కార్మికుడు ఆ విషయాన్ని యజమానికి, తనిఖీ అధికారికి తెలియజేయవచ్చని ఈ స్మృతి 14వ సెక్షన్‌ చెబుతోంది. అపాయం నిజమని తేలితే యజమాని వెంటనే దిద్దుబాటు చర్యలు తీసుకోవాలి.

అయితే హక్కు కాగితంపై ఉంటే చాలదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద మండలాల నుంచి వేలాది కుటుంబాలు సుగ్గి పేరుతో ఇతర జిల్లాలకు వలస వెళుతుంటే, ఇక్కడి క్వారీ పనికి ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి కూలీలు వస్తున్నారు. తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు వారికి అర్థం కాదు. మేస్త్రీ అరిచి చెప్పినా తెలియదు. పని ఆపాలన్న సూచన అందరికీ తెలిసిన ఈలలోనో, సైరన్‌లోనో ఉండాలి. భద్రతా శిక్షణ కార్మికుడికి వచ్చిన భాషలోనే ఇవ్వాలి.

పగులు కొలిస్తే ప్రాణం దక్కుతుంది

వాలు కూలడం చిన్న క్వారీలకే పరిమితమైన సమస్య కాదు. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా వద్ద రాజ్‌మహల్‌ బొగ్గు గనిలో మట్టి, రాళ్ల గుట్ట జారిపడి 23 మంది చనిపోయారు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. ఉటా రాష్ట్రంలోని బింగమ్‌ కాన్యన్‌ రాగి గనిలో 2013 ఏప్రిల్‌ 10 రాత్రి పద్నాలుగు కోట్ల టన్నులకు పైగా రాతి, మట్టి జారిపడింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. గోడ కదలికను రాడార్‌, ఇతర పరికరాలతో ముందునుంచే కొలుస్తుండటం, కదలిక వేగం పెరగగానే అందరినీ ఖాళీ చేయించడమే అందుకు కారణం. కొండను ఆపలేకపోయినా మనుషులను కాపాడగలిగారు.

రాడార్‌ కొనే స్తోమత కంకర క్వారీకి ఉండదు. అయితే అదే సూత్రాన్ని రెండు ఇనుప మేకులతో, ఒక టేపుతో అమలు చేయవచ్చు. పై అంచున కనిపించిన పగులుకు ఇటొకటి, అటొకటి మేకులు పాతి, వాటి మధ్య దూరాన్ని రోజూ ఒకే వేళకు కొలిచి పుస్తకంలో రాయాలి. వాన పడిన రోజుల్లో రెండు పూటలా కొలవాలి. పగులుపై సిమెంటు బిళ్ల వేసి అది చిట్లుతుందేమో చూడటం మరో పద్ధతి.

ఇక్కడ చూడాల్సింది పగులు వెడల్పును మాత్రమే కాదు, అది పెరిగే వేగాన్ని. ఉదాహరణకు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతున్నది రెండు, తర్వాత నాలుగు మిల్లీమీటర్లకు మారితే గోడ కూలే దశకు చేరుతున్నట్లు భావించాలి. అప్పుడు నిపుణుడి కోసం వేచి చూడకుండా కింద, పైన పనిచేస్తున్నవారిని ఖాళీ చేయించాలి. యంత్రాలను బయటికి తేవడానికి మనిషిని మళ్లీ లోపలికి పంపకూడదు.

పని వదిలిన గుంతలు

లీజు ముగిసినంత మాత్రాన గోడ ప్రమాదం ముగియదు. వదిలేసిన గుంతల్లో వాననీరు నిలిచి చెరువుల్లా మారుతుంది. నిలువు గోడల వల్ల అందులో పడినవారు ఎక్కి రాలేరు. ఈతకు వెళ్లే పిల్లలు, నీళ్లకు వచ్చే పశువులు బలవుతుంటాయి. గోడ అంచు వరకు పొలం దున్నే రైతులకూ ముప్పే. గుంత చుట్టూ కంచె, మట్టికట్ట వేయడం, ఒక వైపైనా వాలుగా దారి ఉంచడం, పై అంచులను మొద్దుబార్చి వాలు తగ్గించడం క్వారీ మూసేముందు పూర్తి కావాలి.

ప్రమాదం జరిగితే

గోడ కూలినప్పుడు తోటివారిని కాపాడాలన్న ఆత్రంతో అందరూ ఒక్కసారిగా కిందికి దిగడం రెండో విషాదానికి దారితీస్తుంది. ఒకసారి జారిన గోడ నుంచి మరికొన్ని రాళ్లు ఊడటం సాధారణం. ముందుగా ఒకరు ఎదురుగా, సురక్షిత దూరంలో నిలబడి గోడను గమనిస్తూ ఉండాలి. ఆ తర్వాతే సహాయక చర్యలు మొదలుపెట్టాలి. 108, 112 నంబర్లకు సమాచారం ఇవ్వాలి. ఆ రోజు ఎంతమంది పనిలో ఉన్నారో తెలిపే హాజరు పట్టీ క్వారీ గుంతకు దూరంగా ఉండాలి. అది లేకపోతే శిథిలాల కింద ఎందరున్నారో ఎవరూ చెప్పలేరు. మరణం గానీ, తీవ్ర గాయాలు గానీ సంభవిస్తే గనుల భద్రతా అధికారులకు వెంటనే తెలియజేయాలి. విచారణకు ముందే ఆనవాళ్లను చెరిపేయడం నేరం.

రోజూ పనిలోకి దిగేముందు..

కంప్రెసర్‌ ఆన్‌ చేసేముందు మేస్త్రీ లేదా మైనింగ్‌ మేట్‌ పది నిమిషాలు కేటాయించి ఈ అంశాలు చూసుకోవాలి. ఏ ఒక్కదానికి 'అవును' అన్న సమాధానం వచ్చినా ఆ గోడ కింద ఆ పూట పని చేయించరాదు.

* పై అంచున కొత్త పగులు ఉందా? పాత పగులు పెరిగిందా?

* రాత్రి చిన్న రాళ్లు రాలాయా? గోడ పాదంలో కొత్త రాళ్లు కనిపిస్తున్నాయా?

* కొత్త చోట నీరు ఊరుతోందా? ఎప్పుడూ ఊరే చోట హఠాత్తుగా ఆగిపోయిందా?

* నెర్రె కింది కొస గోడలో బయటపడి, క్వారీ వైపు వాలి ఉందా?

* గోడ ముందుకు ఉబ్బిందా? పై అంచు చెట్లు, స్తంభాలు ఒరిగాయా?

* గోడ అడుగున తొలిచి, పైభాగం వేలాడుతోందా?

* బెంచీలపై రాళ్లు పేరుకుపోయాయా?

* నిన్నటి పేలుడు తర్వాత వదులు రాళ్లు దింపకుండా మిగిలాయా?

* గత రెండు, మూడు రోజుల్లో భారీ వర్షం కురిసిందా?

చూసిన వివరాలను తేదీ, సమయంతో పుస్తకంలో రాసి సంతకం చేయాలి. ఆ పుస్తకం తనిఖీ అధికారి వచ్చినప్పుడు చూపడానికి మాత్రమే కాదు. నిన్న ఒక మిల్లీమీటరున్న పగులు నేడు నాలుగైందని చెప్పేది అదే.